తిరగేసి పెట్టిన రాయి

చర్చి తాళంచెవి చర్చిలో లేదు. ఎదురుగా ఉన్న ఇళ్లల్లో ఒక ఇంటి తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. అది ఎక్కడుందో చర్చి దగ్గర కాగితం మీద రాసి పెట్టారు. ఆ ఇంటివాళ్లని పిలవనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు, సంతకం పెట్టనక్కర్లేదు. తీసుకోవాలి, తెరుచుకుని చూడాలి, తాళం వేసి మళ్లీ అక్కడే తగిలించాలి. అంతే.

మా అమ్మకి ఇది నమ్మబుద్ధి కాలేదు. "ఎవరన్నా పట్టుకుపోతే?" అంది. "పట్టుకుపోయి ఏం చేసుకుంటారమ్మా?" అన్నాను గానీ, నా మనసులోనూ అదే అనుమానం.

ఊరి పేరు ఎస్కమ్. ఇంగ్లండు ఉత్తర భాగంలో, కౌంటీ డరమ్‌లో, బిషప్ ఆక్లండ్ దగ్గర వియర్ నది పక్కన ఉన్న చిన్న పల్లె. చర్చి చుట్టూ ఉన్నవి ఈమధ్య కాలపు మామూలు ఇళ్లు. ఇళ్ల ముందు కార్లు, చెత్త డబ్బాలు. వాటి నడుమ గుండ్రంగా ఒక ప్రహరీ, దాని లోపల సమాధులు, సమాధుల మధ్య గోధుమరంగు రాళ్లతో ఎత్తుగా, ఇరుకుగా నిలబడ్డ చర్చి. శిఖరం లేదు, పెద్ద గంటల గోపురం లేదు. దూరం నుంచి చూస్తే ధాన్యం కొట్టు అనుకుంటారు.

దీన్ని క్రీ.శ. 670–675 ప్రాంతంలో కట్టి ఉంటారని చరిత్రకారుల అంచనా. అంటే సుమారు 1350 ఏళ్లు. ఇంగ్లండు క్రైస్తవ చరిత్రని 731లో రాసి ముగించిన బీడ్ అనే సన్యాసి ఈ ప్రాంతంవాడే, 673 ప్రాంతంలో పుట్టాడు. ఆయన పాకే వయసులో ఉన్నప్పుడు ఈ గోడలు లేస్తున్నాయన్నమాట. ఈ ఒక్క లెక్క చెప్పే అమ్మని కారెక్కించాను. మోకాళ్ల నొప్పులు, పైగా చలిగాలి. మామూలుగా అయితే రాదు.

వాకిట్లో ఆగి, "చెప్పులు విప్పాలా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. అయినా గుమ్మం మెల్లగా, రాయికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు దాటింది.

నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. పాత చర్చిలోకి వెళ్లిన ప్రతిసారీ నాది ఒకటే ప్రశ్న: ఇందులో అసలుది ఏది? ఫోన్‌లో చదువుకుంటూ, గోడలకి మార్కులు వేసుకుంటూ తిరుగుతాను. ఈ చిన్న కిటికీ ఏడో శతాబ్దానిది, పాస్. ఆ పొడుగాటి కిటికీ పదమూడో శతాబ్దంలో గోడ కోసి పెట్టింది, ఫెయిల్. వాకిలి ముందు మంటపం తర్వాత కట్టింది, ఫెయిల్. బెంచీలు విక్టోరియా రాణి కాలం తర్వాతివైతే వాటివైపు చూడను కూడా. ఎస్కమ్‌లోనూ అదే పని మొదలుపెట్టాను. ఈ చర్చికి అంత పేరు రావడానికి కారణమే అది: ఆంగ్లో–శాక్సన్ కాలపు, అంటే వెయ్యేళ్లకి ముందటి చర్చి ఇంత పూర్తిగా మిగలడం చాలా అరుదు. అసలుదనం కోసం వెతికేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

నేను లోపల ఫోన్ చూసుకుంటుంటే అమ్మ బయటికి వెళ్లి గోడ చుట్టూ తిరుగుతోంది. ఉత్తరం వైపు నుంచి కేకేసింది.

"ఒరేయ్, ఇటు రా. ఈ రాయి తిరగేసి పెట్టారు."

వెళ్లి చూశాను. నిజమే. గోడలో ఒక రాయి మీద లోతుగా చెక్కిన లాటిన్ అక్షరాలు. తల వంచి, దాదాపు నడుం మడిచి చూస్తే గానీ చదవడం కుదరలేదు. ఎల్, ఈ, జీ, పక్కన ఆరు అని తెలిపే రోమన్ అంకె. రోమన్ సైన్యంలోని ఆరవ లీజియన్ గుర్తు. ఆ దళానికి యార్క్‌లో స్థావరం ఉండేది. ఎస్కమ్‌కి కొద్ది మైళ్ల దూరంలో బించెస్టర్ అనే చోట రోమన్ల కోట ఉండేది. అయిదో శతాబ్దం మొదట్లో రోమన్ పాలన పోయాక ఆ కోట పాడుబడింది. రెండు వందల యాభై ఏళ్ల తర్వాత చర్చి కట్టినవాళ్లు ఆ శిథిలాల రాళ్లనే మోసుకొచ్చి ఈ గోడలు లేపారు.

మా తాతయ్య తాపీ మేస్త్రీ. అమ్మ చిన్నప్పుడు క్యారేజీ పట్టుకుని పని జరిగే చోటికి వెళ్లేది. ఆ రాయిని చేత్తో తడిమి, "మేస్త్రీకి చదువు రాదేమో" అంది. కాసేపు ఆగి మళ్లీ తనే, "వచ్చినా పట్టించుకుని ఉండడు. చదును ఏ వైపు ఉందో అదే చూసుకుంటాడు" అంది.

ఆ మాట దగ్గర నా ప్రశ్న కూలబడింది. ఏడో శతాబ్దపు అసలు గోడ అని నేను మురిసిపోతున్నది అప్పటికే సెకండ్ హ్యాండ్. లోపల పొడవాటి హాలుకీ, బలిపీఠం ఉన్న గర్భగుడి లాంటి చిన్న గదికీ మధ్య ఒక కమాను ఉంది. ఎత్తుగా, ఇరుకుగా, భలే అందంగా ఉంటుంది. కింద ఒక రాయి నిలువుగా, దాని మీద ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. ఆ కమాను కూడా రోమన్ కట్టడం నుంచి ఊడదీసి తెచ్చి ఇక్కడ నిలబెట్టిందే అని పురావస్తువాళ్ల నమ్మకం. కొన్ని రాళ్ల మీద రోమన్ ఉలి గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రాయికి అసలు చోటు కోట. కోటకి ముందు క్వారీ. ఎక్కడ ఆగాలి మరి?

ఇక నేను ఫెయిల్ చేసిన కిటికీల సంగతి. మొదటి కాలపు కిటికీలు నాలుగైదే, అన్నీ చిన్నవి, పైన కప్పు కిందకి ఉన్నాయి. గోడ మందంలో లోపలివైపుకి వెడల్పుగా విచ్చుకునేలా కోశారు, ఉన్న కాస్త వెలుతురూ పరుచుకోవాలని. చలిదేశంలో, గాజు దొరకడమే కష్టమైన రోజుల్లో అంతకంటే పెద్ద కన్నం పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? తర్వాతి శతాబ్దాల వాళ్లు గోడ కోసి పెద్ద కిటికీలు పెట్టారు. అసలుది పాడుచేశారని ఇన్నాళ్లూ వాళ్ల మీద నాకు కోపం. అమ్మ ఆ పెద్ద కిటికీల్లో ఒకదాని కింద కూర్చుని, అక్కడున్న ప్రార్థన పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని బొమ్మలున్నాయేమోనని పేజీలు తిప్పుతోంది. కిటికీ లేకపోతే ఆ పుస్తకం ఉన్నట్టే కనపడదు.

ఇంకో సంగతి. 1863లో ఊరివాళ్లు ఈ చర్చిని వదిలేశారు. పాతబడింది, చిన్నది అని గుట్ట మీద కొత్తది కట్టుకున్నారు. పాతదాని కప్పు పోయింది. 1875–80 మధ్య ఎవరో పూనుకుని మరమ్మతు చేయించారు కాబట్టి గోడలు నిలిచాయి. తర్వాత వందేళ్లలోపే కొత్త చర్చి శిథిలమైపోయి, 1971లో దాన్ని కూల్చేశారు. ఊరు మళ్లీ పాత చర్చికే వచ్చింది. ఈ కథ విన్నవాళ్లు "ఆహా, పాతకాలపు పనితనం!" అంటారు. నేనూ అనేవాణ్నే. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను. అంతకు ముందు వెయ్యేళ్లలో ఈ ఊరి దగ్గర డబ్బుండి ఉంటే ఈ చర్చిని ఎప్పుడో పడగొట్టి, పెద్ద గోపురంతో కొత్తది కట్టేవాళ్లు. ఇంగ్లండంతా జరిగింది అదే. ఎస్కమ్ బతికిపోవడానికి పనితనం ఎంత కారణమో పేదరికం కూడా అంతే కారణం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఒక టాయిలెట్ గురించి వాదించాల్సి ఉంది.

ఎస్కమ్ చూసిన మర్నాడు ఇంకో పల్లె చర్చికి వెళ్లాం. ఊరు పేరు చెప్పను. పెద్ద చర్చి, పొలాల మధ్యలో ఒంటరిగా ఉంటుంది. తలుపు దగ్గర డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చుంది, వచ్చినవాళ్లకి చూపించడానికి. అమ్మకి టాయిలెట్ అవసరమైంది. లేదు. నీళ్ల కనెక్షనే లేదు. దగ్గర్లో పబ్ ఉందా అంటే రెండు మైళ్లు. ఆ పెద్దావిడ సిగ్గుపడిపోయి, వెనక మూలన గంటలు మోగించే గదిలో చిన్న టాయిలెట్ కట్టుకోవాలని కొన్నేళ్లుగా తిరుగుతున్నామని చెప్పింది. బల్లలు కదపొద్దని ఒకరు, నేల తవ్వొద్దని ఒకరు, పైపు వేస్తే సమాధుల కింద నుంచి పోవాలని ఇంకొకరు. అమ్మని తీసుకుని పరుగున కారెక్కాను. ఆ చర్చిలో ఏముందో ఈ రోజుకీ నాకు సరిగ్గా తెలియదు.

ఇక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో ఆంగ్లికన్ చర్చి కట్టడాలు దాదాపు 16,000 ఉన్నాయి. దేశంలో గ్రేడ్ వన్ అనే అత్యున్నత జాబితాలో ఉన్న చారిత్రక కట్టడాల్లో 45 శాతం ఈ చర్చిలే. అంత విలువైన ఆస్తి కదా, ప్రభుత్వం చూసుకుంటుందేమో అనుకుంటాం. చూసుకోదు. కప్పు కారితే బాగు చేయించాల్సింది ఆ ఊరి పారిష్ కమిటీ. అంటే ఆదివారం వచ్చే పాతిక మంది, అందులో సగం పెన్షన్ మీద బతికేవాళ్లు. చిన్నాచితకా పనులు తప్ప వాళ్లు ఏ మార్పు చెయ్యాలన్నా డయోసీస్ నుంచి, అంటే బిషప్ పాలన కింద ఉండే ప్రాంతీయ విభాగం నుంచి, ఫ్యాకల్టీ అనే అనుమతి తెచ్చుకోవాలి. పెద్ద మార్పులైతే పరిరక్షణ సంఘాల అభిప్రాయమూ అడుగుతారు. మరమ్మతుల మీద కట్టిన వ్యాట్ పన్నుని వెనక్కిచ్చే పథకం ఒకటి 2001లో వస్తే, దానికీ 2025లో చర్చికి ఏడాదికి 25 వేల పౌండ్లని పరిమితి పెట్టారు, 2026 మార్చితో దాన్ని ఆపేశారు. సీసం రేకుల కప్పు వేయించే ఖర్చు ముందు అది ఉన్నప్పుడు మాత్రం ఏ మూలకి? ఆ సీసాన్ని దొంగలు ఊడదీసుకుపోవడం ఇంకో తలనొప్పి.

నాకు పాత కట్టడాల కన్జర్వేషన్ పనుల్లో ఉన్న స్నేహితుడు ఒకడున్నాడు. టాయిలెట్ మాట ఎత్తగానే నా మీద విరుచుకుపడ్డాడు. "నీలాంటి వాళ్ల మాట విన్నందుకే పందొమ్మిదో శతాబ్దంలో సగం చర్చిలు నాశనమయ్యాయి" అన్నాడు. అతని కోపంలో న్యాయం ఉంది. విక్టోరియా కాలపు రిస్టోరేషన్ అంటే మధ్యయుగాల 'అసలు' రూపం తెస్తామని పాత సున్నం గీకేసి, తర్వాతి కాలపు బల్లలన్నీ పీకేసి, లేని కిటికీలు ఊహించి పెట్టడం. అది చూసి మండిపడే విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. రిస్టోర్ చెయ్యకండి, చిన్న చిన్న మరమ్మతులతో కాపాడండి అన్నది వాళ్ల వాదం. మంచి వాదం. అది లేకపోతే ఈ రోజు చూడటానికి మిగిలేది చాలా తక్కువ.

అయితే నా స్నేహితుడు గమనించని విషయం ఒకటుంది. అప్పటి గీకుడుగాళ్లకీ, ఇప్పుడు ఒక్క బల్ల కూడా కదపొద్దనేవాళ్లకీ జబ్బు ఒకటే. అదే నా జబ్బు కూడా. కట్టడానికి ఒక అసలైన క్షణం ఉందని నమ్మడం. వాళ్లు ఆ క్షణం పద్నాలుగో శతాబ్దంలో ఉందనుకుని అక్కడిదాకా గీకారు. వీళ్లు ఆ క్షణం తాము జాబితాలో ఎక్కించిన రోజున ఉందనుకుని అక్కడ ఆపేశారు. తమాషా ఏమిటంటే, ఇవాళ కదపొద్దని పోట్లాడే బల్లల్లో చాలా వరకు ఆ విక్టోరియన్లే తెచ్చి పెట్టినవి!

యార్క్‌షైర్‌లో పికరింగ్ అనే చిన్న పట్నం చర్చి గోడల నిండా పదిహేనో శతాబ్దపు బొమ్మలున్నాయి. చర్చిల్లో బొమ్మలు వద్దన్న మతసంస్కరణ రోజుల్లో వాటి మీద సున్నం కొట్టేశారు. 1852లో అనుకోకుండా బయటపడ్డాయి. అప్పటి పాస్టరు, ప్రసంగం వినకుండా జనం బొమ్మలు చూస్తున్నారని మళ్లీ సున్నం కొట్టించాడు. ఇంకో పాతికేళ్లకి అటూఇటూగా మళ్లీ గీకి బయటికి తీశారు, తీస్తూ బాగానే రంగులు దిద్దారు. ఇప్పుడు చెప్పండి, ఆ గోడకి అసలు రంగు ఏది? నాకైతే ఆ పాస్టరు మీద జాలి. జనం చూపు తిప్పుకోలేకపోతున్నారని సున్నం కొట్టించాడంటే, ఆ బొమ్మలకి అంతకంటే పెద్ద ప్రశంస ఇంకెవరూ ఇచ్చి ఉండరు.

ఇంకో ఉదాహరణ చెబితే నా స్నేహితుడు కాసేపు మాట్లాడలేదు. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌వెల్ అనే పల్లె. అక్కడి చర్చి గోపురం లోపలి గోడ మీద ఎవరో లాటిన్‌లో గీసిన గీతలున్నాయి. నల్లచావు అని పిలిచే ప్లేగు వచ్చి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన 1350 ప్రాంతం నాటివి. దయనీయంగా, పిచ్చెత్తినట్టు, జనంలో మడ్డి మాత్రమే సాక్షిగా మిగిలిందన్నది దాని సారాంశం. కొన్నేళ్ల తర్వాత వచ్చిన పెనుగాలి గురించి కూడా అక్కడే గీశారు. గోడ మీద గీయడం ఇప్పుడు నేరం. నేనూ గీయమని అనను. కానీ ఆ చర్చిలో ఎవరన్నా పరిగెత్తుకెళ్లి చూసేది శిల్పాల్ని కాదు, ఆ పాడుచేసిన గోడనే.

స్నేహితుడు చివరికి వేసిన పాయింటుకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. "ఏడో శతాబ్దపు మేస్త్రీ రోజంతా కష్టపడితే నాలుగు రాళ్లు కదిలేవి. ఇప్పటి మిషను గంటలో వెయ్యేళ్ల నేల తవ్వి పారేస్తుంది. పాతవాళ్ల తప్పులు చిన్నవి కాబట్టి నీకు ముద్దొస్తున్నాయి" అన్నాడు. ఒప్పుకున్నాను. నేల తవ్వేముందు పురావస్తువాళ్లు చూడాలి. పెట్టేది ఏదైనా రేపు తీసేస్తే గోడకి మచ్చ మిగలకుండా పెట్టాలి. దానికి అనుమతులు కావాలి, సరే. ఒక టాయిలెట్‌కి ఏళ్ల తరబడి తిప్పడం మాత్రం అనుమతి కిందికి రాదు. అది ఆ పెద్దావిడ ఓపిక అయిపోయేదాకా ఆగడం. ఆమె రావడం మానేసిన రోజు తలుపు మూసుకుంటుంది.

మూతపడ్డాక ఏమవుతుంది? అదృష్టం ఉంటే 1969లో పెట్టిన చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ చేతికి వస్తుంది. వాళ్లు 350కి పైగా చర్చిలు చూసుకుంటున్నారు, బాగా చూసుకుంటున్నారు కూడా. కొన్నింట్లో రాత్రి పడుకోనిస్తారు. క్యాంపింగ్ లాంటిదే, చాంపింగ్ అని పేరు. రాత్రి పడుకునేవాళ్లకి టాయిలెట్ ఏర్పాటు చేస్తారు! పెళ్లిళ్లు, ప్రార్థనలు, చావులు జరిగినంతకాలం కుదరని ఏర్పాటు, ఊరు చేతులెత్తేశాక కుదిరింది. కొన్ని చర్చిలు ఇళ్లుగా అమ్ముడుపోతాయి. బలిపీఠం ఉన్నచోట వంటగట్టు వస్తుంది. మిగతావి తాళాలేసుకుని, పావురాలకీ గబ్బిలాలకీ వదిలేసి ఉంటాయి.

తాళం సంగతికి వస్తే, పగలు తెరిచి ఉంచిన చర్చే క్షేమమని ఇక్కడి ఇన్సూరెన్సువాళ్లే సలహా ఇస్తుంటారు. ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రావచ్చు అన్న భయం దొంగకి చాలు. ఎస్కమ్‌లో కొక్కేనికి వేలాడే తాళంచెవి నాకు మొదట అమాయకత్వంలా అనిపించింది. ఇప్పుడు ఆ ఊరివాళ్లు నాకంటే తెలివైనవాళ్లనిపిస్తోంది.

ఎస్కమ్‌లో మేం బయటికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. తాళం నేనే వేస్తానని అమ్మ పట్టుబట్టింది. తాళంచెవి రెండుసార్లు తిప్పి, తలుపు తోసి చూసి, మళ్లీ ఒకసారి తోసి చూసింది. ఎదురింటివైపు నడుస్తుంటే ఒక ముసలి జంట ప్రహరీ గేటు తీసుకుని లోపలికి వచ్చారు, ఇద్దరి చేతుల్లోనూ గొడుగులు. తెరిచుందా అని అడిగారు. నేను కొక్కెం ఉన్న ఇల్లు చూపించబోయేలోపు అమ్మ తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేసింది. అంతటితో ఆగలేదు. ఉత్తరం గోడవైపు వేలు చూపించి, అరచేయి ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పి, "రాయి, రాయి" అంది. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, తలూపి నేరుగా అటే నడిచింది.